పావలా పాయింటు

గుంతకల్లులో గూడ్స్ షెడ్డు వెనక
మిద్దె పైన రేకుల గది, అదే మా క్లబ్బు.
బోర్డు మీద 'రిక్రియేషన్' అన్న మాటలో
సగం అక్షరాలు ఎండకు రాలిపోయినాయి.
పాయింటుకు పావలా.
ఈ డబ్బుకు పోలీసోళ్ళు రారు,
జీపు డీజిలుకు కూడా గిట్టదు.

శనివారం సాయంత్రం ఐదుగురం.
నేను నూనె మిల్లులో కాటా గుమాస్తాను.
దినమంతా నిండు లారీలోంచి ఖాళీ లారీని తీసేసి
మిగిలింది రాస్తాను.
ఇక్కడా అదే పని: రెండొందలు తెచ్చుకుంటాను,
పోయేటప్పుడు జేబు తూస్తాను.

దర్జీ ఖాజాహుసేన్ ముక్కలు సర్దితే
గుడ్డ మడత పెట్టినట్టే ఉంటాది.
టీసీ తిప్పేస్వామి ప్రతి ముక్కనూ
టికెట్టు లేనోణ్ణి చూసినట్టు చూస్తాడు.
ఇంగ ఉగ్గాని బండి నెట్టికంటయ్య.
ఒకనాడు అర్ధరూపాయి లెక్క తేలలేదని
కరెంటు పోయినా మమ్మల్ని లేవనియ్యలేదు,
సెల్లు వెలుతుర్లో మళ్ళీ కూడించినాడు.

ఐదో మనిషి పెన్నోబులేసు.
ముప్పై ఆరేండ్లు రైలింజను నడిపి దిగినాడు.
ఆయనది ఎప్పుడూ స్కూటే.
పదమూడు ముక్కలూ ఒక్కసారి విప్పి చూసి
"ఎర్రది పడింది, నిలబడల్ల" అని
ఐదు రూపాయలు నడుమ పెట్టేసి
కిటికీ అవతల పోయే గూడ్సుకు చెవి పెడతాడు.
"యాభై ఎనిమిది డబ్బాలు. బొగ్గు."
మేమెన్నడూ లెక్కపెట్టి చూడలేదు.

ఆ శనివారం ఆయన స్కూటు చెయ్యలేదు.
ఒక సుట్టు తిరిగింది, రెండు సుట్లు,
ఇంకా ఆటలోనే ఉన్నాడు.
నా చేతిలో లైఫు పడింది, రెండు జోకర్లు,
ఆఠీను తొమ్మిది ఒక్కటి వస్తే షో నాదే.
పేక మీదికి చెయ్యి సాచినాను కూడా.
"షో" అన్నాడు పెన్నోబులేసు.

పరిచినాడు.
ఇస్పేటు ఐదు. ఇస్పేటు ఏడు.
నడుమ ఆరు,
కళావరుది.

మొదట చూసింది నేను.
తూకాలు రాసే కన్ను కదా, తప్పే ముందు కనబడతాది.
లైఫు లేదు.
అది లేకపోతే తక్కినవి ఎంత బాగున్నా
ఫుల్ కౌంటు, ఎనభై.
ఇరవై రూపాయలు.
అంతే కదా, ఇరవై రూపాయలు.

తిప్పేస్వామి చూసినాడు.
ఖాజా చూసి, గ్లాసులో లేని టీ తాగినాడు.
పెద్దాయన అద్దాలు నుదుటి మీదికి తోసుకొని
మా మొగాల తట్టు చూస్తాండాడు,
ఇంకా ఎవరూ డబ్బులు తియ్యలేదేమని.

చెప్పల్ల. రూలంటే రూలు.
మేము ముగ్గురం నెట్టికంటయ్యను చూసినాం,
చెప్పేదెప్పుడూ వాడే కాబట్టి.
వాడు ముందుకు వంగి
ఆ ఆరును చూసినాడు. సానాసేపు చూసినాడు.
తర్వాత తన పదమూడు ముక్కలూ తెచ్చి
ఆ వరస మీద దబ్బున పడేసి
రెండు చేతులా కలిపేసినాడు.

"నాది నలభై రెండు, పదిన్నర.
ఇదో పదకొండు ఇస్తాండా,
అర్ధరూపాయి వాపసియ్యి పెద్దాయనా,
చిల్లర లేదంటే ఊరుకోను."

నేనూ మూసేసినాను.
నా తొమ్మిది ఆ పేకలో యాడుండెనో
ఇప్పటికీ తెలీదు.

మరుసటి శనివారం
నెట్టికంటయ్య రెండు కొత్త కట్టలు తెచ్చినాడు.
"పాతవి చినిగినాయి" అన్నాడు. చినగలేదు.
ముక్క మూలన అంకె బొటనవేలంత లావు.
మనిషికి ఇరవై ఎనిమిది వసూలు చేసినాడు,
నా దగ్గర రెండు తక్కువైతే
సిగరెట్టు అట్ట మీద రాసుకున్నాడు.

పెన్నోబులేసు తన వంతు లెక్కగా పెట్టి
ఒక ముక్క ఎత్తి, దూరంగా పట్టుకొని,
మళ్ళీ దగ్గరికి తెచ్చుకొని
"ఏమిరా ఇది, ఒకటో తరగతి వాచకం మాదిరి" అన్నాడు.
ఎవరం నవ్వలేదు.
కింద ఏదో బండి కదుల్తాండాది.
"ఎన్ని డబ్బాలు పెద్దాయనా?" అన్నాడు ఖాజా.
ఆయన ముక్కలు మూసి
ఐదు రూపాయలు నడుమకు తోసి
"స్కూటు" అన్నాడు.